మీ మీటింగులో నవ్విన మా చిన్నాయిన ఆరు రోజులు ఎందుకు నోరు విప్పలేదంటే

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సైబర్ నేరాల మీద అవగాహన సదస్సులు పెట్టే పోలీసు అధికారులకు, బ్యాంకు మేనేజర్లకు,

నమస్కారం. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. పన్నెండేళ్లుగా ఇదే పని. లారీ కిరాయిల నుంచి కమీషన్ ఏజెంట్ల పేమెంట్ల దాకా అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. ఈ ఉత్తరం ఇంతకు ముందు రెండు సార్లు మొదలుపెట్టి, కోపం ఎక్కువైపోతోందని ఆపేశాను. ఇప్పుడు కోపం కొంచెం తగ్గింది, చెప్పాల్సింది మాత్రం అట్లనే ఉంది.

మా ఊరు హాలియా దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద. 2025 సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు గ్రామ పంచాయతీ ముందు టెంటు వేసి మీవాళ్లు ఒక మీటింగు పెట్టారు. బాగానే జరిగింది, అది ముందే ఒప్పుకుంటున్నాను. మాట్లాడిన సారు ఓపికగా చెప్పారు, ఆడవాళ్లు అడిగిన వాటికి కూడా జవాబులిచ్చారు. చివరికి వచ్చేసరికి అందరినీ చూసి ఒక మాట అడిగారు. "ఓటీపీ అడిగితే చెప్పేటోళ్లు ఎవరన్న ఉన్నరా ఇక్కడ? ఉంటే చెయ్యెత్తండి, శాలువా కప్పి సన్మానం చేస్తం" అన్నారు. అందరూ నవ్వారు. "ఇంత చెప్పినంక కూడా చెప్పిండంటే వానంత ఎడ్డోడు ఇంకోడు ఉండడు" అన్నారు. ఇంకా గట్టిగా నవ్వారు. నా పక్కన కూర్చున్న మా చిన్నాయిన నవ్వాడు, నేనూ నవ్వాను.

మే నెలలో చిన్నాయిన మూడెకరాల దొడ్డు వడ్లు కొనుగోలు సెంటర్‌లో పోశాడు. 75 క్వింటాళ్లు, క్వింటాలుకు 2,320 లెక్కన 1,74,000 రూపాయలు ఖాతాలో పడ్డాయి. పడ్డ మరుసటి రోజే ఫోన్ వచ్చింది. వడ్ల పైసలు పడ్డ ఖాతాకు కేవైసీ పూర్తి కాలేదని, సాయంత్రం ఆరు లోపు చేయకుంటే పైసలు సర్కారుకు వాపస్ పోతాయని, చక్కటి తెలుగులో, మర్యాదగా, "పెద్దాయనా" అని పిలుస్తూ చెప్పారు. వాట్సాప్‌లో ఒక ఫైల్ పంపారు, దాని మీద బ్యాంకు బొమ్మ ఉంది. నొక్కితే యాప్ ఎక్కింది. ఎక్కేటప్పుడు ఫోన్ ఏవో హెచ్చరికలు చూపించిందట, అన్నీ ఇంగ్లీషులో. "అలో అని వస్తది, నొక్కు పెద్దాయనా" అన్నారు, ఈయన నొక్కాడు. ఆధార్ నంబరు, కార్డు నంబరు అందులో నింపాడు. "అయిపోయింది, రేపటికి సరి అయితది" అని పెట్టేశారు. ఆ రాత్రి పన్నెండుకు పది నిమిషాల ముందు 99,000, పన్నెండు దాటాక పది నిమిషాలకు 74,500 పోయాయి. పొద్దున కోత మిషన్ కిరాయి ఇవ్వడానికి పైసలు తీసుకుందామని పోతే ఖాతాలో ఏమీ లేదు.

ఆరు రోజుల తర్వాత మిర్యాలగూడలో మా చుట్టాల పెళ్లికి వచ్చాడు. ఫంక్షన్ హాలు వెనక, వంటల దగ్గర, నన్ను పక్కకు పిలిచి ఆయన అన్న మొదటి మాట ఇది: "నేను ఎవ్వరికీ ఓటీపీ చెప్పలే బిడ్డా."

పైసలు పోయినయని కూడా అనలేదు, ముందు ఈ మాటే అన్నాడు. నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఫోన్ తీసుకుని చూస్తే అంతా అర్థమైంది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఎవరికీ ఓటీపీ చెప్పలేదు. ఆ యాప్‌కు మెసేజ్‌లు చదివే అనుమతి ఇచ్చాడు, ఓటీపీలు వచ్చినవి వచ్చినట్టు అదే అవతలివాళ్లకు పంపుకుంది. మీరు నేర్పిన పాఠం తు.చ. తప్పకుండా పాటించిన మనిషి మీరు నేర్పని దారిలో మునిగిపోయాడు, పైగా ఆరు రోజులు తనే ఎడ్డోడినని లోపల్లోపల కుమిలిపోయాడు. మా చిన్నమ్మకు "పైసలు ఇంకా పడలే" అని చెప్పాడు. కోత మిషన్ ఆయనకు వచ్చే వారం అన్నాడు. రాత్రిళ్లు నిద్ర లేదు. ఆ ఆరు రోజుల్లో కనీసం పదిసార్లు నా నంబరు తీసి మళ్లీ ఫోన్ జేబులో పెట్టుకున్నాడట. ఎందుకు చేయలేదు చిన్నాయినా అంటే, "ఏం చెప్పాలె? ఆ రోజు టెంటు కింద నువ్వు కూడ నవ్వితివి కదా" అన్నాడు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఈ ఉత్తరం రాస్తున్నది దానికోసమే.

సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే ఫోన్ నంబరు 1930 గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు, 2021లో వేరే నంబరుతో మొదలై తర్వాత 1930 అయిన ఈ హెల్ప్‌లైన్‌ను నడిపేది మీ వ్యవస్థే. కానీ మా ఊరివాళ్లకు అది ఎట్లా పనిచేస్తుందో ఎవరూ చెప్పలేదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఫోన్ చేసి లావాదేవీ వివరాలు ఇస్తే, పైసలు ఏ బ్యాంకులోకి పోయాయో ఆ బ్యాంకుకు వెంటనే సమాచారం పోతుంది, అక్కడ ఇంకా ఉంటే ఆపుతారు, అక్కణ్నుంచి ఇంకో బ్యాంకుకు దాటిపోతే ఆ బ్యాంకుకు పోతుంది, అట్లా వెంటాడుతూ పోవాలి. దొంగ చేసే పని కూడా అదే, ఒక ఖాతా నుంచి నాలుగు ఖాతాలకు, నాలుగు నుంచి పదికి చల్లి, ఏటీఎంలో తీసేయడం. రెండు పరుగులు ఒకేసారి మొదలైతే గెలిచే అవకాశం ఉంటుంది. మా చిన్నాయిన విషయంలో దొంగ ఆరు రోజులు ముందు మొదలుపెట్టాడు. ఫిర్యాదు చేసేసరికి ఎక్కడా ఆపడానికి ఏమీ మిగల్లేదు.

రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్‌లో కూడా లెక్కంతా టైం మీదే నడిచింది. తప్పు బ్యాంకుది కాక, ఖాతాదారుదీ కాక మధ్యలో ఇంకెవరిదో అయితే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పని దినాల లోపు చెప్పిన ఖాతాదారుకు నష్టం ఉండదని, నాలుగు నుంచి ఏడు పని దినాలైతే కొంత భారం పడుతుందని అందులో రాశారు. ఖాతాదారు నిర్లక్ష్యమే అని తేలినా సరే, చెప్పేదాకా పోయినదే అతనిది, చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి అన్నారు. అంటే మనిషి ఎంత తొందరగా నోరు తెరిస్తే అంత మేలు అని రూలే చెబుతోంది. అట్లాంటప్పుడు ఆ నోరు మూయించే మాట మీ మైకులో నుంచి ఎట్లా వస్తుంది సార్? మీరు కావాలని అనలేదని నాకు తెలుసు, జనం నిద్రపోకుండా ఉండడానికి నవ్వించారు. కానీ ఆ నవ్వు నాలుగు నెలలు మా చిన్నాయిన మనసులో ఉంది, సరిగ్గా ఆపద వచ్చిన రోజు బయటికొచ్చి ఆయన గొంతు పట్టుకుంది.

మోసపోయినవాడు తెలివి తక్కువవాడు అనే నమ్మకం మీలో చాలామందికి లోపల ఉంది. అది తప్పని మీకు ఒక విషయం చెబుతాను. 1966లో అమెరికాలో చార్లెస్ హాఫ్లింగ్ అనే మానసిక వైద్యుడు, ఇంకొందరు కలిసి దవాఖానల్లో ఒక ప్రయోగం చేశారు. నర్సు డ్యూటీలో ఒంటరిగా ఉన్నప్పుడు ఫోన్ మోగుతుంది. ఆమె ఎప్పుడూ చూడని ఒక డాక్టర్ పేరు చెప్పి, ఫలానా పేషెంటుకు ఫలానా మందు 20 మిల్లీగ్రాములు ఇవ్వు, నేను వస్తున్నాను, వచ్చాక సంతకం పెడతాను అంటాడు. మందు డబ్బా మీద రోజుకు 10 మిల్లీగ్రాములే ఎక్కువ అని స్పష్టంగా రాసి ఉంది. ఫోన్‌లో చెబితే మందు ఇవ్వకూడదని రూలు కూడా ఉంది. 22 మంది నర్సుల్లో 21 మంది మందు తీసుకుని పేషెంటు వైపు నడిచారు, అప్పుడు ఆపారు. ఆ డబ్బాలో ఉన్నది హాని చేయని పదార్థమే, అది వేరే సంగతి. నాకు నిద్ర పట్టకుండా చేసింది ఈ ప్రయోగంలోని రెండో భాగం. ఇదే సంగతి ఇంకో 12 మంది నర్సులకు చెప్పి, మీరైతే ఏం చేస్తారు అని అడిగితే 10 మంది ఇవ్వము అన్నారు. నర్సింగ్ చదువుతున్న 21 మందిని అడిగితే అందరూ ఇవ్వము అన్నారు.

మీ టెంటు కింద మేము ఈ రెండో రకం నర్సులం. కుర్చీలో కూర్చుని, పక్కన పదిమంది ఉండగా, ఓటీపీ చెబుతారా అని అడిగితే చెప్పం అనే అంటాం, మనస్ఫూర్తిగా అంటాం. ఫోన్ మోగేటప్పుడు మేము మొదటి రకం నర్సులం, ఒంటరిగా, చేతిలో పని సగంలో ఉండి, అవతల ఒక సారు గొంతు. మీ సదస్సు టెంటు కింది మనిషికే నేర్పుతోంది, ఫోన్ దగ్గరి మనిషి దాకా అది పోవడం లేదు.

ఇంకోటి, మన నేల సంగతి. ఇక్కడ "బాంచన్ దొరా" అని చేతులు కట్టుకుని నిలబడిన తాతలకు మనుమలం మేము. దొరలు పోయారు, పటేలు పట్వారీలు పోయారు, ఆ భయం మాత్రం మా పెద్దవాళ్ల ఒంట్లో నుంచి ఇంకా పూర్తిగా పోలేదు. ఆఫీసు నుంచి ఫోన్ అంటే మా చిన్నాయిన మంచం మీద నుంచి లేచి నిలబడి మాట్లాడతాడు, నేను కళ్లారా చూశాను. సారు మాట్లాడుతుంటే మధ్యలో ఫోన్ పెట్టేయడం ఆయన దృష్టిలో మర్యాద తప్పడం. మీరు "అనుమానం వస్తే కట్ చేయండి" అని ఒక్క మాటలో చెప్పి పోతారు, కానీ ఆ కట్ చేయడం అనేది ఆయనకు అరవై ఏళ్లలో ఎవరూ నేర్పని పని. స్టేషన్‌కో ఆఫీసుకో పోతే ఎదురు ప్రశ్న అడిగినందుకు కసురుకునే మీలో కొందరు, అదే మనిషి ఫోన్‌లో దొంగ పోలీసును ఎదురు ప్రశ్న అడగాలని ఆశిస్తున్నారు. నిజం పోలీసుకు ఐడీ కార్డు చూపించండి సార్ అని అడిగితే ఇంతెత్తున లేచేటట్టయితే, దొంగ పోలీసును అడిగే ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది?

దొంగ పోలీసులు వీడియో కాల్‌లో కేసు, అరెస్టు అని బెదిరించి పైసలు గుంజే డిజిటల్ అరెస్ట్ అనేది నడుస్తున్నది ఈ భయం మీదే. చట్టంలో అట్లాంటిది లేదని 2024 అక్టోబరు 27న ప్రధాని రేడియోలో దేశమంతటికీ చెప్పారు, ఆగు, ఆలోచించు, తర్వాత చర్య తీసుకో అన్నారు. మంచి మాట. కానీ ఆ వీడియో కాల్‌లో ఉన్నవాడు చేసే మొదటి పనే ఆగనివ్వకపోవడం. కాల్ కట్ చేయొద్దు, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు, చెబితే వాళ్లనూ కేసులో పెడతాం అంటాడు. మనిషిని తన మనుషుల నుంచి విడదీస్తే చాలు, మిగతాది భయమే చూసుకుంటుంది. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు, రిటైరైన ఆఫీసర్లు, డాక్టర్లు కూడా ఇందులో పోగొట్టుకున్నారని వార్తల్లో మనమే చదువుతున్నాం. చదువు ఇక్కడ అడ్డం పడదు.

పాలమూరు వైపు ఇది ఇంకో రూపంలో వస్తుంది. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు ఊళ్లల్లో కొడుకులు బొంబాయిలో, పూనాలో పనికి పోయి ఉంటారు, ఇంట్లో ముసలి తల్లిదండ్రులు. "మీ పిల్లగాడు పోలీసులకు దొరికిండు, ఇప్పుడే ఇరవై వేలు పంపితే కేసు లేకుండ చేస్తం" అని ఫోన్. వెనక ఎవరో ఏడుస్తున్న చప్పుడు వినిపిస్తుంది. మా మిల్లులో హమాలీ పనికి ఆ వైపు నుంచి వచ్చిన ఒకతని తల్లికి ఇట్లాగే వచ్చింది. ఆమెకు కొడుకు గొంతు తెలియదా అంటే తెలుసు, కానీ ఏడుపులో ఎవరి గొంతైనా ఒకటే. కొడుకు దూరంలో ఉన్న తల్లికి ఈ ఫోన్ కొత్తగా వచ్చే భయం కాదు, రోజూ పడుకునే ముందు ఆమె తనకు తాను చెప్పుకునే భయమే ఇంకొకడి నోట వినిపించింది. ఆమెను అత్యాశకు పోయింది అని ఎట్లా అంటాం? "అత్యాశే మోసాలకు మూలం" అని మీ ఫ్లెక్సీ మీద రాసి ఉంటుంది. ఆ తల్లికి ఏం ఆశ ఉంది?

నా సంగతి కూడా చెప్పాలి, లేకుంటే నేనేదో పక్కన నిలబడి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. రెండేళ్ల కింద మార్చి 31న, ఏడాది లెక్కలు మూసే రోజు, మా ఓనర్ ఫొటో ఉన్న వాట్సాప్ నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. కొత్త నంబరు, మీటింగులో ఉన్నా, ఈ ఖాతాకు నాలుగు లక్షల ఎనభై వేలు వెంటనే వేయి, పార్టీ ఎదురుగా కూర్చున్నాడు అని. నేను ఖాతా నంబరు ఎక్కించాను. మొత్తం కూడా కొట్టాను. ఆ టైంలో నా మనసులో అనుమానం అనేదే లేదు, ఉన్నదంతా లేటయితే తిడతాడనే టెన్షన్. ఆపింది నా తెలివి కాదు. మా ఓనర్ చాలా ఏళ్ల కింద పెట్టిన ఒక పద్ధతి ఆపింది. యాభై వేలు దాటితే ఎవరు చెప్పినా, నేను చెప్పినా సరే, నాకు మామూలు ఫోన్ చేసి నా గొంతు విన్నాకే పంపాలి, పెళ్లిలో ఉన్నా దినంలో ఉన్నా చేయి, చేసినందుకు ఒక్క మాట అనను, చేయకపోతే మాత్రం ఊరుకోను అన్నాడు. అలవాటుగా ఫోన్ చేశాను. ఆయన ఇంట్లో అన్నం తింటున్నాడు.

ఆ రోజు ఆయన అన్న మాట "మంచి పని చేసినవ్" అని మాత్రమే. ఇంకోసారి రెండు నెలల తర్వాత నిజంగానే ఆయన మెసేజ్ పెడితే అప్పుడూ ఫోన్ చేశాను, ఊరికే చేశావని విసుక్కోలేదు. చెక్ చేసినవాణ్ని తిట్టకపోవడం అనే ఒక్క అలవాటు మా మిల్లుకు నాలుగు లక్షల ఎనభై వేలు మిగిల్చింది. మీ ఆఫీసుల్లో కింది స్థాయి ఉద్యోగి పై అధికారి మెసేజ్ వస్తే తిరిగి ఫోన్ చేసి సార్ మీరేనా అని అడగగలడా? ఒకసారి మీలో మీరే మాట్లాడుకోండి.

ఇప్పుడు బ్యాంకులవాళ్లకు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు అంటారు. ఏడాదిలో మా చిన్నమ్మ ఎంతమందికి ఓటీపీ చెబుతుందో నేను ఒకరోజు కూర్చుని ఆమెతో లెక్కపెట్టించాను. రేషన్ కార్డు పని మీద పోతే కంప్యూటర్ ముందు పిల్లగాడు "ఓటీపీ వచ్చిందా అమ్మా, చెప్పు" అంటాడు. ఆధార్‌కు నంబరు కలిపేటప్పుడు చెప్పాలి. గ్యాస్ బండ తెచ్చినవానికి కోడ్ చెప్పాలి. పథకం దరఖాస్తుకు చెప్పాలి. ఒక బ్యాంకు కౌంటర్‌లోనే లోపలి ఉద్యోగి అందరి ముందు "నంబర్ చదువమ్మా" అని అడిగి రాసుకున్నాడు. పదిసార్లు చెప్పమని మీరే అలవాటు చేసి, పదకొండోసారి చెప్పినప్పుడు ఎందుకు చెప్పావు అంటే ఆమె ఏమనాలి? ఏ ఓటీపీ చెప్పాలి, ఏది చెప్పకూడదు అనే తేడా తెలియాలంటే వచ్చిన మెసేజ్ చదవాలి, ఆ మెసేజ్ ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగులో "ఇది మీ ఖాతా నుంచి ఇన్ని రూపాయలు బయటికి పోవడానికి" అని మొదటి వాక్యంగా వస్తే ఆమె చదువుతుంది, మహిళా సంఘం లెక్కల పుస్తకాలు రాసే మనిషి ఆమె.

ఫోన్లు కూడా అంతే. సర్వీసు కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో బ్యాంకులకు చెప్పింది. ఆ తర్వాత కూడా నాకు క్రాప్ లోన్ రెన్యువల్ అని ఒక బ్రాంచి నుంచి మామూలు పది అంకెల మొబైల్ నంబరుతో ఫోన్ వచ్చింది, ఆధార్ చివరి నాలుగు అంకెలు చెప్పమన్నారు. బ్రాంచికి పోయి అడిగితే నిజంగా వాళ్లే చేశారు. ఆ అమ్మాయికి టార్గెట్లు, ఆమె బాధ ఆమెది, నాకు ఆమె మీద కోపం లేదు. కానీ ఆమె చేసిన ఆ నిజం ఫోన్, రేపు వచ్చే దొంగ ఫోన్‌కు దారి వేసి పెట్టింది. మీ ఫోన్ దొంగ ఫోన్‌లాగా ఉన్నంత కాలం దొంగ ఫోన్ మీ ఫోన్‌లాగా వినిపిస్తూనే ఉంటుంది.

ఎవరికి ఫోన్ చేసినా ముందు సైబర్ మోసాల గురించి వినిపించిన ఆ కాలర్ ట్యూన్ గురించి ఎక్కువ చెప్పను. రోజుకు ముప్పై సార్లు అదే గొంతు వింటే చెవి దాన్ని వినడం మానేస్తుంది, గోడ గడియారం టిక్కుటిక్కు మనకు వినపడనట్టు. కొన్ని రోజులు పోయాక అదేం చెప్పిందో మా మిల్లులో ఒక్కరికీ గుర్తులేదు.

మరి ఏం చేయమంటావు అంటారేమో. నేను పెద్దగా చదువుకున్నవాణ్ని కాదు, బీకాం. ఊళ్లో చూసినదాన్ని బట్టి చెబుతున్నాను. మీటింగులో ఉపన్యాసం తగ్గించి ఫోన్ పట్టుకోండి. మీలో ఒకరు పక్క గదిలో నుంచి దొంగలాగా ఫోన్ చేయండి, ముందు వరుసలోని పెద్దాయనతో అందరి ముందు మాట్లాడించండి, బెదిరించండి, తొందరపెట్టండి, తర్వాత ఆయన చేత నిజంగా ఫోన్ కట్ చేయించండి. చేతికి ఆ పని ఒకసారి తెలియాలి. కట్ చేయడానికి మొహమాటపడేవాళ్లకు ఒక మాట ఇవ్వండి. మా చిన్నాయినకు నేను నేర్పింది ఇది: "మా పిల్లగాన్ని అడిగి నేనే చేస్త సార్." అంతే. ఇందులో అమర్యాద లేదు, గొడవ లేదు. అవతలివాడు ఎవరినీ అడగొద్దు అన్నాడంటే అదే గుర్తు. నాలుగైదు సార్లు ఆయన చేత గట్టిగా అనిపించాను, మొదట్లో సిగ్గుపడ్డాడు, ఇప్పుడు లోన్ ఇస్తామని వచ్చే ఫోన్లకు కూడా ఇదే చెబుతున్నాడు.

టైం కూడా చూసుకోండి. సంక్రాంతికి చెప్పినది మే నెలకు గుర్తుండదు. దొంగలకు మన వడ్ల పైసలు ఎప్పుడు పడతాయో తెలుసు, రైతు భరోసా ఎప్పుడు పడుతుందో తెలుసు. ఆ వారంలోనే, కొనుగోలు సెంటర్ కాంటా దగ్గరే, పది నిమిషాలు మాట్లాడితే సగం రోజు సదస్సు కంటే ఎక్కువ పనికొస్తుంది. వడ్ల తూకం రాసిన ట్రక్ షీట్ చేతికి ఇచ్చేటప్పుడు దాని వెనక 1930 అని పెద్ద అక్షరాలతో ముద్ర కొట్టి ఇవ్వండి. ఎరువుల షాపులో, కోత మిషన్ల డ్రైవర్ల దగ్గర, మిల్లుల ముందు లారీలు ఆగే చోట పెట్టండి. బ్యాంకు లోపల మేనేజర్ గది పక్కన అంటించిన పోస్టర్‌ను చూసేది మేనేజరే.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకునే కానిస్టేబుల్‌కు ఒక్కటి చెప్పండి. మా చిన్నాయినను నేను తీసుకుపోయిన రోజు అక్కడ అడిగిన మొదటి ప్రశ్న "ఎట్ల ఇచ్చినవ్?" అని. ఆయన తల దించుకున్నాడు, తర్వాత అడిగిన ఏ ప్రశ్నకూ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాడు, యాప్ ఎప్పుడు ఎక్కించాడో, ఏ నంబరు నుంచి ఫోన్ వచ్చిందో అన్నీ కలిపేసి చెప్పాడు, నేను మధ్యలో సరిచేస్తూ కూర్చున్నాను. అదే "ఎప్పుడు పోయినయి?" అని మొదలుపెడితే మీకు కావాల్సిన వివరం ముందు వస్తుంది, మనిషి కుంగిపోడు. ఒక్క పదం మారితే చాలు సార్, దీనికి బడ్జెట్ అక్కర్లేదు.

అక్టోబరు, నవంబరుల్లో మళ్లీ వడ్లు వస్తాయి, మా ఊళ్లో కొనుగోలు సెంటర్ మళ్లీ తెరుస్తారు. అక్కడికి రమ్మని మిమ్మల్ని పిలుస్తున్నాను. చిన్నాయినను అడిగాను, నీకు జరిగింది నువ్వే చెబుతావా అని. నెల రోజులు ఏమీ అనలేదు. పోయిన ఆదివారం బాయికాడ మోటరు ఆపి వచ్చి, చెబుతా అన్నాడు. మైకు వద్దన్నాడు. "ఆ రోజు మాట్లాడిన సారునే రమ్మను, ఆయన పక్కన నిలబడి చెప్త" అన్నాడు. ఎంత పోయిందో కూడా చెబుతాడట, ఇంతవరకు మా చిన్నమ్మకు తప్ప ఊళ్లో ఎవరికీ ఆ లెక్క తెలియదు. ఆ సారు పేరు నేను ఇక్కడ రాయడం లేదు, ఆయనకు ఈ ఉత్తరం చేరితే తనే గుర్తుపడతారు. వచ్చే తారీఖు ఒక రెండు రోజులు ముందు చెబితే చాలు, టెంటు, కుర్చీలు మేము చూసుకుంటాం.

ఇట్లు,
మిర్యాలగూడలో మిల్లు లెక్కలు రాసే ఒక హాలియా వైపు మనిషి